ఒక మాట ఎప్పుడు పుట్టిందో డిక్షనరీకి ఎలా తెలుస్తుంది?

ఏడాదికి నాలుగుసార్లు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ కొత్తగా చేర్చిన పదాల జాబితా విడుదల చేస్తుంది. ఆ వారం మన పేపర్లలో, టీవీల్లో ఒక శీర్షిక ఖాయం: ఆక్స్‌ఫర్డ్‌లో మన మాటకు చోటు దక్కింది అని. 2016లో 'అయ్యో' చేరినప్పుడు అదే జరిగింది, 2017లో 'అన్న', 'అచ్చా' చేరినప్పుడూ అదే. కొందరు గర్వపడతారు. కొందరు ఇంగ్లీషు పాడైపోతోందని బాధపడతారు. రెండు పక్షాల వాళ్ల లెక్క మాత్రం ఒకటే: మాటలకు గుర్తింపు పత్రం ఇచ్చే ఆఫీసు అది అని. కానీ ఆ డిక్షనరీకి పునాది వేసినవాళ్లు సరిగ్గా ఆ లెక్కనే కాదన్నారు. వాళ్లు తలపెట్టింది వేరే రకం పుస్తకం. దానికి చారిత్రక నిఘంటువు అని పేరు. ఆ రకం పుస్తకం ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ వార్తల్లో ఎంత పస ఉందో, ఎంత లేదో తేలిగ్గా బోధపడుతుంది.

ఒకే పేరుతో రెండు పుస్తకాలు

గందరగోళం పేరు దగ్గరే మొదలవుతుంది. మన ఇళ్లలో, స్కూలు లైబ్రరీల్లో కనిపించే లావాటి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ చాలావరకు అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం ఎ.ఎస్. హార్న్‌బీ రూపొందించిన నిఘంటువు అది, 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్ పేరుతో వస్తోంది. ఈనాడు ఆ మాటకు అర్థమేమిటి, ఎలా పలకాలి, వాక్యంలో ఎలా వాడాలి అన్నది దాని పని.

వార్తల్లోకెక్కే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వేరు. 1989లో అచ్చయిన దాని రెండో కూర్పు 20 సంపుటాలు. ఇప్పుడది ఆన్‌లైన్‌లో పెరుగుతోంది, 5 లక్షలకు పైగా పదాలున్నాయి. అందులో సగటు మనిషి జీవితంలో ఒక్కసారి కూడా వాడని మాటలున్నాయి, 400 ఏళ్ల కిందటే వాడుక తప్పిపోయిన మాటలున్నాయి. ఒకసారి చేరిన మాటను తీసెయ్యరు. చచ్చిపోయిన మాటకు పక్కన చిన్న గుర్తు పెట్టి అలాగే ఉంచుతారు. ఈ పుస్తకం పని మంచి ఇంగ్లీషు నేర్పడం కాదు గనక చేరిక పెద్ద సన్మానమూ కాదు, తొలగింపు అనే శిక్షా లేదు.

అర్థాలు వయసు ప్రకారం

మామూలు నిఘంటువు ఒక పదానికి ఇవాళ బాగా వాడే అర్థాన్ని ముందు చెబుతుంది. చారిత్రక నిఘంటువులో అన్నిటికంటే పాత అర్థం ముందు వస్తుంది, కొత్తది చివర. ప్రతి అర్థం కింద ఆ అర్థంలో ఆ మాటను నిజంగా ఎవరో రాసిన వాక్యాలుంటాయి. మన నిఘంటుకారుల భాషలో చెప్పాలంటే ప్రయోగాలు. ప్రతి ప్రయోగానికీ సంవత్సరం, రాసినవారి పేరు, పుస్తకం పేరు ఉంటాయి. సంపాదకుడు తన సొంతంగా వాక్యం అల్లి పెట్టడానికి వీల్లేదు.

'నైస్' అన్న మాటను చూద్దాం. ఇవాళ చిన్నపిల్లలు కూడా అనే మాట. మూలం లాటిన్‌లో 'తెలియనివాడు' అన్న అర్థమున్న పదం. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం తెలివితక్కువ. తరవాత ప్రతిదానికీ వంక పెట్టే మనిషికి వాడారు. 16వ శతాబ్దంలో సూక్ష్మమైన, నిక్కచ్చి అయిన అన్న అర్థం వచ్చింది. బాగుంది, హాయిగా ఉంది అనే అర్థం గట్టిపడింది 18వ శతాబ్దంలో. ఈ వరస తెలియని పాఠకుడు 14వ శతాబ్దపు కావ్యంలో ఒక మనిషిని నైస్ అన్నారని చదివితే తిట్టును పొగడ్త అనుకుంటాడు. చారిత్రక నిఘంటువుకు అసలు అవసరం ఇక్కడే పుట్టింది. పాత పుస్తకాన్ని ఆనాటి చెవితో వినడానికి.

'ప్రీపోన్' చెప్పే సాక్ష్యం

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి. మీటింగు ముందుకు జరిగితే మన ఆఫీసుల్లో 'ప్రీపోన్ అయింది' అంటాం. అది ఇంగ్లీషే కాదని, మనవాళ్లు కల్పించిందని టీచర్లు ఎర్రసిరాతో కొట్టేసిన రోజులున్నాయి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో ఆ మాట కింద రెండు అర్థాలు కనిపిస్తాయి. మొదటిది ముందర ఉంచడం, ఎదుట పెట్టుకోవడం అనే అర్థం. దానికి ప్రయోగం 1549 నాటిది. అది తరవాత మాసిపోయింది. రెండోది మనం వాడే అర్థం. దానికి చూపించిన మొదటి ప్రయోగం 1913 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు రాసిన ఉత్తరం. 'పోస్ట్‌పోన్'కు జోడీ మాట ఒకటి కావాలి, ఇదిగో పుట్టిస్తున్నాను అని ఆయన రాశాడు. పక్కనే, ఇది ముఖ్యంగా భారతీయ ఇంగ్లీషులో వాడుక అన్న గుర్తు కూడా ఉంది.

ఈ నాలుగు పంక్తుల నుంచి ఏం తేల్చవచ్చు? 1913 నాటికే ఈ అర్థంలో ఈ మాట అచ్చులో ఉందని గట్టిగా చెప్పవచ్చు. భారతదేశంలో ఎక్కువగా వాడతారనీ చెప్పవచ్చు. మరి ఆ న్యూయార్క్ ఉత్తరం నుంచే అది మన ఆఫీసులకు వచ్చిందా? ఆ మాట డిక్షనరీ చెప్పలేదు. పోస్ట్‌పోన్ తెలిసిన మనిషి ఎవరైనా, ఎక్కడైనా, ఎవరి సాయమూ లేకుండా ప్రీపోన్ అనుకోగలడు. రేపు ఎవరైనా 1890 నాటి పాత పత్రికలో అదే మాట చూపిస్తే ఎంట్రీలో తేదీ మారిపోతుంది. అంటే 1913 ఆ మాట పుట్టిన సంవత్సరం కాదు. ఇప్పటివరకు దొరికిన అతిపాత సాక్ష్యం తాలూకు సంవత్సరం. చారిత్రక నిఘంటువుల మీద జరిగే వాదాల్లో సగం ఈ చిన్న తేడా మరిచిపోవడం వల్లే జరుగుతాయి.

జాన్సన్ నుంచి 1857 దాకా

ఇంగ్లీషుకు మొదటి ఏకభాషా నిఘంటువుగా చెప్పుకునేది 1604లో రాబర్ట్ కాడ్రీ వేసిన చిన్న పుస్తకం. సుమారు 2,500 కఠిన పదాలు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చింది. దాదాపు 43,000 పదాలు, లక్షకు పైగా ప్రయోగాలు. ప్రయోగాలతో అర్థాన్ని రుజువు చేసే పద్ధతిని ఇంగ్లీషులో గట్టిగా నిలబెట్టింది ఆయనే. కానీ వాటికి తేదీల్లేవు, తీసుకున్నవి కూడా తనకు నచ్చిన గొప్ప రచయితల నుంచే. భాషను చెడిపోకుండా కట్టిపడెయ్యాలని మొదట్లో ఆయనకు ఉండేది. పని పూర్తయ్యేసరికి, మాటలు మారకుండా ఆపడం ఎవరి తరమూ కాదని ముందుమాటలో తానే రాసుకున్నాడు. ఆ ఒప్పుకోలు చిన్నది కాదు. తరవాతి వందేళ్ల ఆలోచనకు దారి అక్కడ తెరుచుకుంది.

1836, 37ల్లో చార్లెస్ రిచర్డ్‌సన్ ఇంకో చివరకు వెళ్లాడు. ప్రయోగాలను కాలక్రమంలో పేర్చితే చాలు, అర్థం అవే చెబుతాయని నమ్మి చాలా పదాలకు అర్థమే ఇవ్వలేదు. అంతకుముందే జర్మనీలో గ్రీకు పండితుడు ఫ్రాంజ్ పాసో ఒక సూత్రం ప్రతిపాదించాడు: ప్రతి మాటా తన జీవితకథను తానే చెప్పుకోవాలి, నిఘంటువు అందుకు వేదిక కావాలి అని. 1843లో ఇంగ్లండులో వచ్చిన లిడెల్, స్కాట్‌ల గ్రీకు నిఘంటువు ఆ సూత్రాన్నే పాటించింది. గ్రిమ్ సోదరుల జర్మన్ నిఘంటువు తొలి భాగం 1852లో వచ్చింది, చివరి భాగం రావడానికి వందేళ్లు దాటింది.

గ్రీకుకు ఉంది, జర్మన్‌కు వస్తోంది, ఇంగ్లీషుకు లేదు. 1857లో లండన్ ఫైలలాజికల్ సొసైటీ అనే భాషాధ్యయన సంఘంలో ఈ లోటు మీద రెండు ప్రసంగాలు చేసినవాడు రిచర్డ్ షెనెవిక్స్ ట్రెంచ్ అనే మతాచార్యుడు. నిఘంటుకారుడు భాషకు చరిత్రకారుడే గాని విమర్శకుడు కాడన్నది ఆయన వాదన. మంచి మాట, చెడ్డ మాట అని ఏరడం అతని పని కాదు, ఉన్న మాటలన్నీ నమోదు చెయ్యాలి. మరుసటి ఏడాది సొసైటీ కొత్త నిఘంటువుకు తీర్మానం చేసింది.

చీటీల మీద కట్టిన పుస్తకం

మొదటి సంపాదకుడు హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ 1861లో, 30 ఏళ్లకే చనిపోయాడు. తరవాత పగ్గాలు పట్టిన ఫ్రెడరిక్ ఫర్నివాల్‌ది గొప్ప ఉత్సాహం, నిలకడ తక్కువ. అయినా ఆయన చేసిన ఒక పని లేకపోతే ఏదీ ముందుకు సాగేది కాదు. పాత ఇంగ్లీషు గ్రంథాలు అప్పటికి రాతప్రతుల్లోనే ఉండిపోయాయి. వాటిని అచ్చు వేయించడానికి 1864లో ఒక సంఘమే స్థాపించాడు. పుస్తకం చేతికి రాకపోతే ప్రయోగం ఎక్కణ్ణించి తీస్తారు?

1879లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌తో ఒప్పందం కుదిరి జేమ్స్ మర్రే సంపాదకుడయ్యాడు. స్కాట్లండ్ సరిహద్దు పల్లెలో దర్జీ కొడుకు, 14 ఏళ్లకే బడి మానేసి సొంతంగా చదువుకున్నవాడు, అప్పటికి స్కూలు మాస్టారు. ఫర్నివాల్ నుంచి ఆయనకు చేరిన చీటీల బస్తాలు రెండు టన్నుల దాకా తూగాయి. ఒక బస్తాలో ఎలుక పిల్లలు పెట్టి ఉంది. 'హెచ్' చీటీలు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తేలాయి. 'పి.ఎ.'తో మొదలయ్యే చీటీలు ఐర్లండులో ఒక గుర్రపుసాలలో దొరికాయి. అప్పటికే కొన్నిటిని పొయ్యి రాజెయ్యడానికి వాడేశారు.

చీటీ అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఈ పుస్తకం బలమూ బలహీనతా రెండూ దానిలోనే ఉన్నాయి. ఉత్తరాల కాగితంలో సగం ముక్క. ఎడమవైపు పైన పదం. దాని కింద సంవత్సరం, రచయిత, పుస్తకం, పుట. ఆ కింద ఆ పదమున్న వాక్యం పూర్తిగా. అంతే. ఎవరైనా పంపవచ్చు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లూ చదివేవాళ్లూ అందరూ సాయం చెయ్యాలని 1879లోనే మర్రే విజ్ఞప్తి అచ్చువేయించి పంచాడు. దేశదేశాల నుంచి చీటీలు వచ్చాయి. థామస్ ఆస్టిన్ అనే ఆయన ఒక్కడే 1,65,000 పంపాడు. హత్య చేసి బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయంలో నిర్బంధంలో ఉన్న అమెరికన్ సైనిక వైద్యుడు విలియం మైనర్ తన గదిలోంచే ఏళ్లతరబడి పంపాడు. మర్రే పెరట్లో రేకుల షెడ్డులో వెయ్యికి పైగా గళ్లున్న అరల్లోకి వాటిని సర్దేవాళ్లు. చీటీలు వేరు చేసినందుకు ఆయన పిల్లలకు చిల్లర డబ్బులు దొరికేవి.

సర్దుతుంటే మర్రేకు ఒక విచిత్రం కనిపించింది. 'అబ్యూజన్' అనే అరుదైన పాత మాటకు సుమారు 50 చీటీలున్నాయి. రోజూ వాడే 'అబ్యూజ్'కు ఐదు కూడా లేవు. కారణం మనిషి స్వభావమే. చదివేవాడి కన్ను వింత మాట దగ్గర ఆగుతుంది, మామూలు మాట మీదుగా జారిపోతుంది. వేలమంది కలిసి సాక్ష్యం సేకరిస్తే ఆ కుప్ప భాషకు నమూనా అవుతుందనుకుంటాం. అది వాళ్ల కళ్లు ఎక్కడ ఆగాయో దానికి నమూనా. మర్రే బృందం మళ్లీ కూర్చుని మామూలు మాటల కోసం వెతుక్కోవలసి వచ్చింది.

పదేళ్లలో నాలుగు సంపుటాలు అన్నది ఒప్పందం. ఐదేళ్లకు, 1884లో, 352 పుటల తొలి భాగం వచ్చింది. 'ఎ' నుంచి 'యాంట్' దాకా. తరవాత హెన్రీ బ్రాడ్లీ, విలియం క్రేగీ, సి.టి. ఆనియన్స్ తోటి సంపాదకులుగా చేరారు. 1915లో మర్రే పోయేనాటికి పుస్తకం పూర్తి కాలేదు. 1928 ఏప్రిల్‌లో ఆఖరి భాగం వెలువడింది. మొత్తం 4,14,825 పదాలు, 18,27,306 ప్రయోగాలు.

ఎవరి వాక్యం సాక్ష్యమవుతుంది?

మొదటి పెద్ద గొడవ దీని మీదే. ఆక్స్‌ఫర్డ్ పెద్దలు కొందరు, ముఖ్యంగా బేలియల్ కాలేజీ అధిపతి బెంజమిన్ జోవెట్, 1883లో మర్రేకు సూచనలు రాసి పంపారు. గొప్ప రచయితల నుంచే ప్రయోగాలు తియ్యాలి, పేపర్ల నుంచి తియ్యకూడదు అని. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. నిఘంటువును జనం ప్రమాణంగా తీసుకుంటారు, పత్రికల్లో తొందర రాతలుంటాయి, వాటిని చేరిస్తే తప్పులకు గౌరవం వస్తుంది అని వాళ్ల భయం. మర్రే ఒప్పుకోలేదు. కొత్త మాట ముందు పేపర్లోనే కనిపిస్తుంది, పేరున్న రచయిత దాన్ని వాడేదాకా ఆగితే చరిత్ర తప్పుతుంది అన్నది ఆయన పట్టు. నా దృష్టిలో న్యాయం మర్రే వైపే ఉంది. జోవెట్ మాటే నెగ్గి ఉంటే ప్రీపోన్‌కు 1913 నాటి సాక్ష్యమే ఉండేది కాదు. ఇదే వాదన ఇప్పుడు సోషల్ మీడియా మీద నడుస్తోంది. కొన్ని కొత్త ఎంట్రీల్లో ట్వీట్లు కూడా ప్రయోగాలుగా కనిపిస్తాయి.

మర్రే కూడా అన్నీ చేర్చలేదు. రెండు బూతుమాటలను ఆనాటి మర్యాదకు, చట్టానికి జడిసి వదిలేశారు. అవి 1972లో గాని ఎక్కలేదు. 'అపెండిసైటిస్' కథ ఇంకో రకం. 'ఎ'తో మొదలయ్యే పదాల పని నడుస్తున్న రోజుల్లో అది వైద్యుల మధ్య అప్పుడప్పుడే పుడుతున్న మాట. అది నిఘంటువులో లేకుండానే భాగం అచ్చయిపోయింది. 1902లో రాజు ఏడవ ఎడ్వర్డ్‌కు ఆ జబ్బే వచ్చి పట్టాభిషేకం వాయిదా పడింది. ఆ మాట లోకమంతా మోగింది. నిఘంటువు తెరిస్తే లేదు. 'బాండ్‌మెయిడ్' అయితే చీటీ ఎక్కడో పడిపోవడం వల్లే తప్పిపోయింది. 1933 అనుబంధంలో దానికి చోటు దొరికింది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. చీటీలు పంపినవాళ్లలో, సర్దినవాళ్లలో, ప్రూఫులు దిద్దినవాళ్లలో వాళ్లు చాలామందే ఉన్నారు. మర్రే కూతుళ్లు, బ్రాడ్లీ కూతురు ఏళ్లతరబడి ఆ పని చేశారు. 1928 జూన్‌లో నిఘంటువు పూర్తయిన సంబరంగా లండన్‌లో విందు చేసినప్పుడు ఆడవాళ్లకు బల్ల దగ్గర చోటు లేదు. రోస్‌ఫ్రిత్ మర్రే, ఎలినార్ బ్రాడ్లీ, దశాబ్దాలపాటు చీటీలు పంపిన ఎడిత్ థాంప్సన్ పైన బాల్కనీలో కూర్చుని చూశారు. పుస్తకం లోపలా అంతే. ఆడవాళ్ల రచనల నుంచి తీసిన ప్రయోగాలు మగవాళ్లవాటితో పోలిస్తే బాగా తక్కువ అని షార్లెట్ బ్రూవర్ వంటి పరిశోధకులు చూపించారు. 18వ శతాబ్దపు ఇంగ్లీషుకు కూడా అలాంటి వెలితే ఉంది.

షేక్‌స్పియర్ అన్ని మాటలు పుట్టించాడా?

షేక్‌స్పియర్ వందల కొద్దీ కొత్త మాటలు సృష్టించాడని మన ఇంగ్లీషు పాఠాల్లో కూడా చెబుతారు. ఆ లెక్కకు ఆధారం చాలావరకు ఈ నిఘంటువే. రెండో కూర్పులో షేక్‌స్పియర్ నుంచి దాదాపు 33,000 ప్రయోగాలున్నాయి. ఎన్నో మాటలకు మొదటి ప్రయోగం ఆయనదే.

ఒక ఊహాజనితమైన లెక్క వేసుకుందాం. ఒక మాట 1590లో ఎవరో రాసిన చిన్న కరపత్రంలో ఉంది, 1600లో షేక్‌స్పియర్ నాటకంలోనూ ఉంది. చీటీలు రాసేవాడి ఇంట్లో షేక్‌స్పియర్ ఉంటాడు, ఆయన పదాలన్నిటికీ సూచికలు అచ్చయి ఉంటాయి. కరపత్రం ఏదో ఒక లైబ్రరీలో ఒకే ప్రతి. అప్పుడు నిఘంటువులో 1600 ఎక్కుతుంది, పేరు షేక్‌స్పియర్‌కు పోతుంది. ఇది ఊహ మాత్రమే కాదని జర్మన్ పండితుడు యుర్గెన్ షెఫర్ 1980లో చూపించాడు. షేక్‌స్పియర్‌నూ ఆయన సమకాలికుడు థామస్ నాష్‌నూ పక్కపక్కన పెట్టి, నాష్ వాడిన మాటలను చీటీలు రాసినవాళ్లు ఎన్నిచోట్ల వదిలేశారో లెక్కగట్టాడు. పాత ముద్రిత పుస్తకాలు డిజిటల్ రూపంలోకి వచ్చాక షేక్‌స్పియర్ ఖాతాలోంచి చాలా మాటలు వెనక్కి జరిగాయి. అలాగని ఆయన గొప్పదనం తగ్గదు. నాటకంలో మాట బతికినట్టు కరపత్రంలో బతకదు, జనం నోట్లోకి వెళ్లడానికి ఆయన పేరు సాయపడి ఉండవచ్చు. కాని 'మొదట పుట్టించాడు' అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతికినంత మేరకే తెలుస్తుంది.

ఒక్క పుస్తకం చాలదన్న క్రేగీ

1919లో, ఇంకా మొదటి కూర్పు పూర్తి కాకముందే, క్రేగీ ఒక కొత్త ప్రణాళిక పెట్టాడు. ఒకే నిఘంటువు అన్ని కాలాలకూ అన్ని ప్రాంతాలకూ న్యాయం చెయ్యలేదు, కాలానికొకటి, దేశానికొకటి కావాలి అని. ఆయనే 1925లో షికాగో వెళ్లి అమెరికన్ ఇంగ్లీషు చారిత్రక నిఘంటువు పని పట్టాడు. 1944కు అది నాలుగు సంపుటాలుగా పూర్తయింది. పాత స్కాట్స్ భాషా నిఘంటువు 1931లో మొదటి భాగం వేసి 2002లో ముగిసింది. మిషిగన్ యూనివర్సిటీ మధ్యకాలపు ఇంగ్లీషుకు చేసిన నిఘంటువు 1952 నుంచి 2001 దాకా సాగింది. టొరంటోలో ప్రాచీన ఇంగ్లీషు నిఘంటువు 1970లో మొదలై ఇంకా నడుస్తోంది, 2018లో 'ఐ' అక్షరానికి చేరింది. టొరంటో వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. 1150కి ముందు రాసిన ఇంగ్లీషులో మిగిలింది సుమారు 30 లక్షల పదాల పాఠమే. అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అక్కడ వింత మాట దగ్గర కన్ను ఆగే సమస్య లేదు, ఉన్న ప్రతి ప్రయోగమూ చేతిలో ఉంటుంది.

దేశాలవారీ నిఘంటువులూ వచ్చాయి. జమైకాకు, కెనడాకు 1967లో, ఆస్ట్రేలియాకు 1988లో, దక్షిణాఫ్రికాకు 1996లో, న్యూజీలండ్‌కు 1997లో. వీటిలో ఎదురయ్యే చిక్కు అర్థం కావడానికి మన పందికొక్కునే తీసుకుందాం.

ఇంగ్లీషులో 'బాండికూట్' తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందే. 1886లో హెన్రీ యూల్, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన ఎ.సి. బర్నెల్ కలిసి వేసిన 'హాబ్‌సన్-జాబ్‌సన్' ఆ సంగతి చెప్పింది. భారతదేశంలోని ఇంగ్లీషు మాటలకు అదీ తేదీలతో, ప్రయోగాలతో కూర్చిన నిఘంటువే. మర్రే బృందం దాన్ని బాగా వాడుకుంది. ఆ మాట 18వ శతాబ్దం చివర్లో సముద్రం దాటింది. ఆస్ట్రేలియాలో మూతి సన్నగా, కడుపు దగ్గర సంచీతో ఉండే చిన్న జంతువును చూసి ఇంగ్లీషువాళ్లు దాన్నీ బాండికూట్ అన్నారు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. అక్కడితో ఆగలేదు. పైన మొక్క కదలకుండా కింద దుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని ఆస్ట్రేలియాలో 'బాండికూట్' చెయ్యడం అంటారు. కాలిపోయిన గుట్ట మీద బాండికూట్‌లా ఉన్నాడంటే దిక్కులేని ఒంటరివాడని.

మరి ఇది ఎవరి మాట? పుట్టుక తెలుగు, ప్రయాణం ఇండియా ఇంగ్లీషు, కొత్త బతుకు ఆస్ట్రేలియా. ఆస్ట్రేలియా నిఘంటువు తన నేల మీది అర్థాలనే తీసుకుంటుంది. పెద్ద ఆక్స్‌ఫర్డ్ మొత్తం కథను ఒక్కచోట చెప్పాలనుకుంటుంది. దేశానికొక నిఘంటువుంటే లోతు వస్తుందనేవాళ్లూ, అలా విడగొడితే ఇంగ్లండు ఇంగ్లీషు అసలుదిగా, మిగిలినవి దాని పక్క కొమ్మలుగా మిగిలిపోతాయనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది.

బయటి మాటల విషయంలో ఆక్స్‌ఫర్డ్ లోపలే ఒక వివాదం లేచింది. 1972 నుంచి 1986 దాకా నాలుగు సంపుటాల అనుబంధం తెచ్చిన రాబర్ట్ బర్చ్‌ఫీల్డ్ న్యూజీలండ్ మనిషి. నిఘంటువు తలుపులు ప్రపంచ ఇంగ్లీషులకు తెరిచినవాడని పేరు. 2012లో సారా ఓగిల్వీ అనే పరిశోధకురాలు ఒక నమూనా తీసి లెక్క చూస్తే, 1933 అనుబంధంలో ఉన్న పరభాషా పదాల్లో, ఇతర దేశాల ఇంగ్లీషు పదాల్లో 17 శాతాన్ని ఆయన తన అనుబంధంలోకి తీసుకోలేదని తేలింది. పైగా వెనకటి సంపాదకులు ఇలాంటి మాటల పట్ల అనుకున్నదానికంటే ఉదారంగా ఉన్నారని కూడా ఆమె చూపించారు. పుటలు పరిమితమైనప్పుడు ఏదో ఒకటి వదలక తప్పదని, ఆయన కొత్తగా చేర్చినవీ ఎన్నో ఉన్నాయని అటువైపు వాదన. నాకు దీనిలో ముఖ్యంగా తోచింది వేరు. మాట తీసెయ్యరన్న నియమం ఉన్న పుస్తకంలోనే ఇది జరిగితే చాలాకాలం ఎవరూ గమనించలేదు. 1933 అనుబంధాన్నీ తరవాతి అనుబంధాన్నీ పక్కపక్కన పెట్టి వరసగా పోల్చే ఓపిక ఒకరికి ఉండబట్టి బయటపడింది.

కంప్యూటర్ వచ్చాక

1984 నుంచి ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మొత్తం నిఘంటువును టైపు చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 120 మంది ఆపరేటర్లు ఆ పని చేశారు. 2000 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది, ప్రతి ఎంట్రీనీ మొదటి నుంచి తిరగరాస్తున్నారు. ఈ తిరగరాతలో 2011లో 'రన్' అనే క్రియకు 645 అర్థాలు తేలాయి. అంకె చూసి ఆశ్చర్యపోతాం గాని, ఎక్కడ ఒక అర్థం ముగిసి ఇంకోటి మొదలవుతుందన్న గీత గీసేది సంపాదకుడే. ఇంకొకరైతే 500 అనవచ్చు, 700 అనవచ్చు. ప్రయోగాలూ తేదీలూ సాక్ష్యాలు. అర్థ విభజన మాత్రం తీర్పు. చారిత్రక నిఘంటువులో ఈ రెండూ పక్కపక్కనే ఒకే రకం అచ్చులో ఉంటాయి కాబట్టి తేడా కనబడదు.

పుణెలో, మన దగ్గర

ఈ పద్ధతిలో భారతదేశంలో జరుగుతున్న అతిపెద్ద పని పుణె డెక్కన్ కాలేజీలోని సంస్కృత నిఘంటువు. 1948లో మొదలైంది. సుమారు 1,500 గ్రంథాల నుంచి కోటి దాకా చీటీలు రాశారు. 1976లో తొలి సంపుటం వచ్చింది. ఇప్పటిదాకా వచ్చిన 35 సంపుటాలూ 'అ'తో మొదలయ్యే పదాలవే. ఋగ్వేదం నుంచి మొదలుపెట్టి అర్థాలు ఎలా మారాయో పేర్చాలంటే పట్టే కాలమది. 'సాహసం' ధర్మశాస్త్రాల్లో బలాత్కారంతో చేసే నేరం, ఇవాళ మనకది ధైర్యానికి పేరు. మధ్యలో ఏం జరిగిందో చెప్పాలంటే శతాబ్దాల వారీగా ప్రయోగాలు కావాలి.

తెలుగులో జోవెట్, మర్రేల వాదం మన పద్ధతిలో నడిచింది. 1852లో వచ్చిన తన నిఘంటువులో సి.పి. బ్రౌన్ జనం నోట్లోని మాటలకు కూడా చోటిచ్చాడు. పిఠాపురం రాజా పోషణలో, జయంతి రామయ్య పంతులు పూనికతో సాగి 1936 నుంచి వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్య ప్రయోగాలను ఎంతో శ్రద్ధగా కూర్చింది. కాని వ్యావహారికాన్ని దూరం పెట్టింది, ప్రయోగాలకు తేదీలూ ఇవ్వలేదు. కవి కాలం తెలిసినవాడికే పదం వయసు తెలుస్తుంది. తేదీలు దొరకవని కాదు. క్రీ.శ. 575 ప్రాంతపు కలమల్ల శాసనం మొదలుకొని తెలుగు శాసనాలు వేల సంఖ్యలో ఉన్నాయి. చాలావాటిలో శక సంవత్సరం రాతి మీదే చెక్కి ఉంది. వాటిలోని మాటలను కుందూరి ఈశ్వరదత్తు శాసన శబ్దకోశంగా కూర్చారు కూడా. 19వ శతాబ్దం నుంచి వచ్చిన పత్రికల మీద నెల, తేదీతో సహా ఉన్నాయి. పొలం కొలతలు, పన్నుల పేర్లు, వృత్తుల మాటలు, కావ్యాల్లో కనిపించనివి ఎన్నో ఆ శాసనాల్లో తమ సంవత్సరంతో పాటే ఉన్నాయి.